కంపెనీ బండి కండిషన్ మీద అనుమానమా? రోడ్డెక్కే ముందు ఏం చూడాలి, ఎలా రాసి పెట్టాలి

"బ్రేకులు సరిగ్గా పట్టట్లేదని చెప్పాను. ఈ ఒక్క ట్రిప్పు కొట్టిరా, వచ్చాక చూద్దాం అన్నారు. ఇప్పుడు నేనేం చేయాలి?" లారీ, ట్రైలర్ నడిపేవాళ్లు పదేపదే అడిగేది ఇదే. విడివిడిగా జవాబు చెప్పే బదులు మొత్తం పద్ధతి ఒకచోట రాస్తున్నాను.

పని మూడు భాగాలు. లోపాన్ని కొలవాలి. దాన్ని రాతలో పెట్టాలి. బాగయ్యేదాకా బండి కదపకూడదు. చాలామంది మొదటి రెండూ వదిలేసి నేరుగా మూడోదానికి, అంటే గొడవకు వెళ్తారు. అక్కడే ఓడిపోతారు. "బ్రేకులు బాగోలేవు" అంటే అది మీ అభిప్రాయం అని సూపర్‌వైజర్ కొట్టిపారేయొచ్చు. "బ్రేకు తొక్కి పట్టుకుంటే నిమిషానికి 7 పీఎస్ఐ దిగిపోతోంది, ఇదిగో వీడియో" అంటే కొట్టిపారేయడం కష్టం. (పీఎస్ఐ అంటే గాలి ఒత్తిడి కొలత.)

చట్టం కూడా డ్రైవర్‌ను వదలదు. మన మోటారు వాహనాల చట్టం 1988లోని 190వ సెక్షన్ ప్రకారం, ప్రమాదానికి దారితీసే లోపం ఉందని తెలిసి బండి నడిపితేనే కాదు, మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసిపోయే లోపంతో నడిపినా తప్పే. నడిపినవాళ్లతో పాటు నడపనిచ్చినవాళ్లకూ అది వర్తిస్తుంది. కాబట్టి "నాకు తెలియదు" అన్న మాట మిమ్మల్ని కాపాడుతుందని అనుకోకండి.

దగ్గర ఉండాల్సినవి

- చక్రాల కింద అడ్డు పెట్టే దిమ్మలు, కనీసం రెండు
- టైరు గాలి చూసే గేజి, టైరు గాడి లోతు కొలిచే చిన్న గేజి
- టార్చిలైటు, సుద్దముక్క, చిన్న స్కేలు లేదా టేపు
- స్ప్రే సీసాలో సబ్బునీళ్లు
- సీటుకూ బ్రేకు పెడల్‌కూ మధ్య సరిపోయే గట్టి కర్ర (తోడు మనిషి లేనప్పుడు)
- చేతి తొడుగులు, కళ్లద్దాలు
- ఫోను, ఒక నోటుబుక్కు, పెన్ను
- దొరికితే ముట్టుకోకుండా వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్

ఇవి కంపెనీ ఇస్తుందని ఎదురుచూడకండి. గేజి మాత్రం మీ సొంతది ఉండాలి. షెడ్డులో పదిమంది చేతులు మారి, కిందపడి దెబ్బలు తిన్న గేజిని నమ్మలేం.

మొదటిసారి ఈ చెకింగ్ మొత్తానికి గంట పట్టొచ్చు. అలవాటైతే అరగంటలో అయిపోతుంది.

1. ముందు కాగితాలు చూడండి

బండి దగ్గరికి వెళ్లే ముందే, నిన్నటిదాకా అది నడిపిన డ్రైవర్ ఏం రాశాడో అడగండి. రిపోర్టు పుస్తకం ఉంటే చివరి పది పేజీలు తిరగేయండి. ఒకే ఫిర్యాదు మళ్లీమళ్లీ కనిపిస్తే, రిపేరు చేశామని సంతకం ఉన్నా నమ్మకండి, దాన్నే ముందు చెక్ చేయండి. ఏ పేజీలోనూ ఒక్క ఫిర్యాదు కూడా లేకపోతే ఇంకా జాగ్రత్త. రోజూ బరువు మోసే పాత బండికి నెలలతరబడి ఏ లోపమూ రాలేదంటే, చూడకుండానే టిక్కులు పెట్టారన్నమాట.

పుస్తకమే లేదంటే పాత డ్రైవర్‌కు ఫోన్ చేయండి. షెడ్డులో దొరకని సమాచారం ఆ ఒక్క ఫోన్‌కాల్‌లో దొరుకుతుంది.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తేదీ కూడా చూసుకోండి. తేదీ బాగుందని బండి బాగుందనుకోవద్దు. తనిఖీ చేసిన రోజున బండి ఎలా ఉందో మాత్రమే అది చెబుతుంది.

2. దాచిపెట్టిన లోపాల కోసం ఒక చుట్టు తిరగండి

సమతలంగా ఉన్న చోట బండి ఆపండి. ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, దిమ్మలు పెట్టండి. ఈ మొదటి చుట్టులో అరిగిపోయినవాటి కోసం కాదు, కప్పిపెట్టినవాటి కోసం వెతకండి. రిపేరుకు ఖర్చు పెట్టకుండా బండి తిప్పేవాళ్లు చేసే పనులు దాదాపు అన్నిచోట్లా ఒకేలా ఉంటాయి.

*నొక్కేసిన గాలి పైపు.* ఒక చక్రం బ్రేకు చాంబర్ (గాలి ఒత్తిడితో బ్రేకు పట్టించే డబ్బా) లీకవుతుంటే, కొత్తది వేయకుండా ఆ పైపును మడిచి వైరుతో కట్టేస్తారు, లేదా ప్లయర్‌తో బిగించి వదిలేస్తారు, లేదా ఫిట్టింగ్‌లో బిరడా బిగిస్తారు. లీకు ఆగుతుంది, గేజి బాగానే కనిపిస్తుంది. ఆ చక్రానికి మాత్రం బ్రేకు ఉండదు. ప్రతి చాంబర్ దాకా పైపు వెంటే టార్చి వేసుకుంటూ వెళ్లండి.

*చాంబర్ వెనక మిగిలిపోయిన బోల్టు.* పార్కింగ్ బ్రేకు స్ప్రింగుతో పనిచేస్తుంది. గాలి లేనప్పుడు బండి లాగడానికి ఆ స్ప్రింగును ఒక పొడవాటి బోల్టుతో వెనక్కి బిగించి పెట్టొచ్చు. దారిలో చెడిపోయిన బండిని షెడ్డుకు తెచ్చుకోవడానికి అది సరైన పద్ధతే. బోల్టును అలాగే వదిలేసి బండిని లోడుకు పంపితే మాత్రం ఆ చక్రానికి పార్కింగ్ బ్రేకూ లేదు, గాలి పోయినప్పుడు పట్టే ఎమర్జెన్సీ బ్రేకూ లేదు. చాంబర్ వెనక మధ్యలోంచి బోల్టు పొడుచుకొచ్చి ఉంటే ఇదే విషయం.

హెచ్చరిక: ఆ చాంబర్ క్లాంపును మీరు ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. లోపలి స్ప్రింగు ఎగిరి తగిలితే ప్రాణమే పోతుంది. అది మెకానిక్ పని, అదీ దాని పద్ధతి తెలిసిన మెకానిక్ పని.

*వెలగని ఏబీఎస్ లైటు.* తాళం తిప్పగానే ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లైటు వెలిగి, ఆ తర్వాత ఆరిపోవాలి. ఆరకపోతే లోపం. అసలు వెలగకపోతే అంతకంటే పెద్ద అనుమానం, బల్బు పీకేసో వైరు కోసేసో ఉండొచ్చు. ట్రైలర్‌కు కూడా విడిగా ఈ లైటు ఉంటుంది. చాలా ట్రైలర్లకు ఎడమ పక్క వెనకవైపు ఉంటుంది.

*ఒకేచోట కొత్త పెయింటు.* చాసిస్ మొత్తం దుమ్ముపట్టి ఉండి ఒక్క జానెడు మేర కొత్త పెయింటు కనిపిస్తే, దాని కింద పగులో పాత వెల్డింగో ఉందేమో చూడండి. పగులు ఉన్నచోట తుప్పు సన్నటి గీతలా బయటికి కారి ఉంటుంది.

*మారిపోయిన టైర్లు.* తనిఖీ రోజున మంచి టైర్లు బిగించి, తర్వాత పాతవి ఎక్కించే కంపెనీలున్నాయి. మీకు అప్పగించిన బండి టైర్ల నంబర్లు ఫోటో తీసి పెట్టుకోండి. టైరు పక్క మీద ఉండే కోడ్‌లో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 3219 అంటే 2019లో 32వ వారం.

3. గాలి బ్రేకుల పరీక్ష

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. అమెరికా, కెనడా, మెక్సికోలలో ఏటా మూడు రోజులపాటు వేల లారీలను ఆపి తనిఖీ చేస్తారు. సుమారుగా ప్రతి ఐదు బండ్లలో ఒకదాన్ని రోడ్డు మీదికి వెళ్లనివ్వకుండా అక్కడే నిలిపేస్తారు. ఏటా అందుకు మొదటి కారణం బ్రేకులే. ఒక బండికి ఉన్న బ్రేకుల్లో 20 శాతం చెడిపోయి ఉంటే అక్కడ బండి కదలదు. అయిదు ఇరుసుల ట్రైలర్‌కు పది బ్రేకులు, అంటే రెండు చెడిపోతే చాలు.

కింద చెప్పే అంకెలు అమెరికా హెవీ లైసెన్సు పరీక్షలో అడిగేవి. ఎయిర్ బ్రేకు ఎక్కడైనా ఒకేలా పనిచేస్తుంది కాబట్టి కొలతగా పనికొస్తాయి. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. గేజి బార్‌లలో ఉంటే 100 పీఎస్ఐ అంటే సుమారు 6.9 బార్.

దిమ్మలు గట్టిగా పెట్టి ఉన్నాయో లేదో మరోసారి చూసుకుని మొదలుపెట్టండి.

క) ఇంజిన్ స్టార్ట్ చేసి గాలి నింపండి. ఇంజిన్ మామూలుగా తిరుగుతుండగా 85 నుంచి 100 పీఎస్ఐకి 45 సెకన్లలోపు చేరాలి. 120 నుంచి 140 మధ్య ఎక్కడో "తుస్" మని శబ్దం వచ్చి నింపడం ఆగాలి. గాలి ఎక్కడానికి చాలాసేపు పడితే కంప్రెసర్ అలిసిపోయిందనో, ఎక్కడో పెద్ద లీకుందనో అర్థం.

చ) ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచండి. పార్కింగ్ బ్రేకు వదలండి. ముల్లు నిలకడగా ఆగాక ఫోన్‌లో ఒక్క నిమిషం టైమర్ పెట్టండి. లారీ ఒక్కటే అయితే 2 పీఎస్ఐ, ట్రైలర్ తగిలించి ఉంటే 3 పీఎస్ఐ కంటే ఎక్కువ దిగకూడదు.

ట) ఇప్పుడు బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోండి. తొక్కగానే కొంత దిగుతుంది, దాన్ని లెక్కపెట్టకండి. ముల్లు ఆగిన దగ్గర్నుంచి ఒక నిమిషం. లారీ ఒక్కదానికి 3, ట్రైలర్‌తో కలిపి 4 దాటకూడదు. తోడు మనిషి లేకపోతే సీటుకూ పెడల్‌కూ మధ్య కర్ర ఇరికించి కిందికి దిగండి. ఇంజిన్ ఆగి ఉంటుంది కాబట్టి లీకు చెవికే వినిపిస్తుంది. శబ్దం వచ్చిన చోట సబ్బునీళ్లు కొడితే బుడగలు లేస్తాయి. ఆ బుడగలను వీడియో తీయండి.

త) కర్ర తీసేసి, బ్రేకు తొక్కుతూ వదులుతూ గాలి దింపండి. 55 పీఎస్ఐకి దిగేలోపే హెచ్చరిక లైటు వెలగాలి, బజర్ మోగాలి. చాలా బండ్లలో 60 దగ్గరే మోగుతుంది. ఇంకా తొక్కండి. 45కూ 20కీ మధ్య పార్కింగ్ నాబ్ దానంతటదే బయటికి రావాలి. రాకపోతే ఆ బండిని కదపకండి, ఇందులో బేరం లేదు.

ప) మళ్లీ గాలి నింపి, దిమ్మలు తీసి, పార్కింగ్ బ్రేకు ఉండగానే చిన్న గేరులో మెల్లగా లాగి చూడండి. బండి కదలకూడదు. తర్వాత పార్కింగ్ వదిలి, నడక వేగంకంటే కొంచెం ఎక్కువలో వెళ్తూ బ్రేకు తొక్కండి. ఏ పక్కకైనా లాగితే ఆ ఎదుటి పక్క బ్రేకు సరిగ్గా పట్టట్లేదేమో చూడాలి.

గాలి ట్యాంకుల కింద వాల్వు లాగి నీళ్లు వదలండి. నీళ్లు కాస్త రావడం మామూలే. జిడ్డుగా ఆయిల్ వస్తే కంప్రెసర్ గురించి రిపోర్టులో రాయాలి.

4. పుష్‌రాడ్ ఎంత దూరం వస్తోంది?

గాలి బాగానే ఉండి, లీకు లేకపోయినా బ్రేకు పట్టకపోవచ్చు. డ్రమ్ము బ్రేకుల్లో చాంబర్ నుంచి వచ్చే పుష్‌రాడ్‌కు కదిలే దూరం ఇంతేనని ఒక హద్దు ఉంటుంది. డ్రమ్ముకు ఒరుసుకునే లైనింగ్ అరిగేకొద్దీ పుష్‌రాడ్ ఎక్కువ దూరం రావాలి. హద్దు దాటితే బ్రేకుకు బలం పోతుంది.

ఘాట్‌లో ప్రమాదాలు ఎందుకు జరుగుతాయో దీన్ని బట్టే అర్థమవుతుంది. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచిస్తుంది, పుష్‌రాడ్ ఇంకా ముందుకు రావాల్సి వస్తుంది. చల్లగా ఉన్నప్పుడే హద్దు అంచున ఉన్న బ్రేకు, దిగుడులో నాలుగు మలుపులు తిరిగేసరికి హద్దు దాటేస్తుంది. అందుకే "యార్డులో బాగానే పట్టింది కదా" అన్న మాటకు విలువ లేదు.

కొలిచే పద్ధతి: సమతలం, దిమ్మలు, ఇంజిన్ ఆఫ్, పార్కింగ్ బ్రేకు వదిలి ఉండాలి. గేజి 90 నుంచి 100 మధ్య ఉండాలి. చాంబర్ ముఖం దగ్గర పుష్‌రాడ్ మీద సుద్దతో గీత పెట్టండి. కర్రతో బ్రేకు తొక్కి పట్టించి, గీత చాంబర్ నుంచి ఎంత దూరం వచ్చిందో స్కేలుతో కొలవండి. ఎక్కువగా వాడే 30 టైపు మామూలు చాంబర్‌కు హద్దు 2 అంగుళాలు, అంటే సుమారు 51 మి.మీ. చాంబర్ రకాన్ని బట్టి ఈ హద్దు మారుతుంది, కాబట్టి దాని మీద అచ్చు చూసుకోండి. అంత సమయం లేదంటే, తొడుగులు వేసుకుని స్లాక్ అడ్జస్టర్‌ను (పుష్‌రాడ్‌ను బ్రేకుకు కలిపే చేయి లాంటి భాగం) చేత్తో గట్టిగా లాగండి. పుష్‌రాడ్ తగిలే చోట సుమారు అంగుళం కంటే ఎక్కువ కదిలితే దాన్ని చూడాల్సిందే.

ఎడమ, కుడి చక్రాల మధ్య తేడా కూడా రాసుకోండి. తేడా ఎక్కువ ఉంటే బండి తడిరోడ్డు మీద తిరిగిపోతుంది.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. ఆటోమేటిక్ స్లాక్ అడ్జస్టర్ ఉన్న బండిలో, దూరం ఎక్కువ వచ్చిందని స్పానర్‌తో బిగించేసి వెళ్లిపోతారు. బ్రేకు అప్పటికి పడుతుంది, కొన్నాళ్లకు మళ్లీ వదులవుతుంది. తనంతట తాను బిగుసుకోవాల్సిన అడ్జస్టర్ బిగుసుకోలేదంటే లోపం దాంట్లో ఉంది, లేదా బుష్‌లు, రిటర్న్ స్ప్రింగు లాంటి మిగతా భాగాల్లో ఉంది. బిగించడం వల్ల ఆ లోపం కనపడకుండా పోతుంది, అంతే. అమెరికాలో పెద్ద ప్రమాదాలను దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ కూడా దీని గురించి హెచ్చరించింది. మీరు బిగించకండి. "స్ట్రోక్ ఎక్కువ ఉంది, కారణం చూడాలి" అని కొలతతో సహా రాయండి.

డిస్కు బ్రేకులున్న బండిలో ఈ కొలత కుదరదు. ప్యాడ్ మందం, అరుగుదల గుర్తు మెకానిక్‌తో చూపించుకోవాలి.

5. టైర్లు

సుత్తితో కొట్టి గాలి చెప్పేవాళ్లుంటారు. ఆ శబ్దంతో పూర్తిగా దిగిపోయిన టైరు తెలుస్తుందేమో కానీ, 20 శాతం తగ్గిన టైరు తెలియదు. అసలు ప్రమాదం అక్కడే. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకూ పక్కగోడ దగ్గర మడతపడి వేడెక్కుతుంది, లోపలి ఉక్కు తీగలు అలిసిపోతాయి. ఉండాల్సిన గాలిలో 80 శాతమో అంతకంటే తక్కువో ఉన్న టైరును దిగిపోయినట్టే లెక్కవేస్తారు.

హెచ్చరిక: అలా దిగిపోయి కొంత దూరం తిరిగిన టైరుకు రోడ్డు పక్కన నిలబడి గాలి కొట్టకండి. పక్కగోడ ఒక్కసారిగా చీలి పేలుతుంది. విప్పి, లోపల చూసి, రక్షణ కేజ్‌లో పెట్టి గాలి కొట్టాల్సిన టైరు అది.

టైర్లు చల్లగా ఉన్నప్పుడే గేజి పెట్టండి. జంట టైర్లలో లోపలిది తప్పకుండా చూడండి. చెయ్యి అందడం కష్టమని అందరూ వదిలేసేది దాన్నే, బయటిదాని మీద భారం పడి పేలడానికి కారణమయ్యేదీ అదే. రెండింటి మధ్య రాయి ఇరుక్కుందా, పక్కలు ఒకదానికొకటి రాసుకుంటున్నాయా చూడండి.

గాడి లోతు మూడు నాలుగు చోట్ల కొలవండి, ఎక్కువ అరిగిన చోటు లెక్కలోకి వస్తుంది. మన దగ్గర కనీసం 1.6 మి.మీ. ఉండాలి. అమెరికాలో స్టీరింగ్ టైర్లకు దానికి రెట్టింపు, సుమారు 3.2 మి.మీ. అడుగుతారు. నా మాట వింటే ముందు టైర్లకు ఆ రెట్టింపు కొలతే పెట్టుకోండి. వెనక ఒక టైరు పేలితే బండిని అదుపు చేసుకోవచ్చు. ముందు టైరు పేలితే స్టీరింగ్ చేతిలో నిలవదు.

రీట్రెడ్ టైరు (పాత టైరు మీద కొత్త పొర వేసింది) అనగానే భయపడక్కర్లేదు, బాగా చేసింది బాగానే నడుస్తుంది. కొత్త పొర అంచు లేస్తోందా, ఉబ్బు ఉందా అని మాత్రం చూడండి.

6. నట్లు, హబ్‌లు

నట్టు దగ్గర్నుంచి రిమ్ము మీదికి తుప్పు గీతలు కారి ఉంటే ఆ నట్టు వదులు. నట్టు చుట్టూ ఇనుము మెరుస్తుంటే అక్కడ రాపిడి జరుగుతోంది. కొత్తగా టైరు మార్చిన బండి అయితే మొదటి 80 నుంచి 160 కిలోమీటర్లలోపు ఆపి నట్లు మళ్లీ బిగించాలి. కంపెనీలు ఎగ్గొట్టేదీ, డ్రైవర్లు మర్చిపోయేదీ ఇదే. ఊడిన చక్రం ఎదురుగా వచ్చే కారు మీద పడితే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. ఒక స్టడ్ విరిగితే మిగతావాటి మీద భారం పెరుగుతుంది, కాబట్టి "ఒక్కటే కదా" అనుకోవద్దు.

హబ్ సీలు నుంచి ఆయిల్ కారి లోపలికి వెళ్తే అది లైనింగ్ మీద పడుతుంది, ఆ బ్రేకు జారుతుంది. చక్రం లోపలి పక్క తడిగా, దుమ్ము ముద్దలా పట్టి ఉందేమో టార్చి వేసి చూడండి.

7. మిగిలినవి, త్వరగా

స్టీరింగ్: ముందు చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఎంత తిరుగుతుందో చూడండి. 20 అంగుళాల స్టీరింగ్‌కు అంచు దగ్గర 2 అంగుళాలు దాటితే ఎక్కువ. స్ప్రింగు పట్టీలు విరిగాయా, పక్కకు జరిగాయా? ట్రైలర్ తగిలించాక ఫిఫ్త్ వీల్ పలకకూ (లారీ మీద ట్రైలర్ కూర్చునేది) ట్రైలర్ పలకకూ మధ్య వెలుతురు కనిపించకూడదు. ఫిఫ్త్ వీల్ దవడలు కింగ్‌పిన్ (ట్రైలర్ కింద ఉండే పిన్ను) మెడను పట్టుకున్నాయా అని టార్చితో చూడండి. వెనక లైట్లు, రిఫ్లెక్టర్ టేపు, వెనక కారు కిందికి దూరకుండా ఆపే అడ్డకడ్డీ. ఈ కడ్డీ వంగిపోయినా, సగం ఊడినా తప్పకుండా రాయండి. మీకేమీ కాదు కానీ, వెనకొచ్చి గుద్దిన కారులో వాళ్ల తలలు ఆ కడ్డీ లేకపోతే బండి కిందికి పోతాయి.

8. రాయడం

ఎంత బాగా చెక్ చేసినా రాయడం రాకపోతే వృథా. రెండు ఉదాహరణలు చూడండి.

పనికిరానిది: "బ్రేకులు వీక్. టైర్లు బాగోలేవు. చూడగలరు."

పనికొచ్చేది: "ఉదయం 5:40. బండి నంబరు, కిలోమీటర్లు. ట్రైలర్ రెండో ఇరుసు ఎడమ చాంబర్ పైపు ఫిట్టింగ్ దగ్గర లీకు. బ్రేకు తొక్కి పట్టుకుంటే నిమిషంలో 104 నుంచి 97కు దిగింది, 4 దాటకూడదు. వీడియో జత చేశాను. ట్రైలర్ మొదటి ఇరుసు కుడి లోపలి టైరు గాలి 72, ఉండాల్సింది 105. ఇవి సరిచేయకుండా బండి నడపడం క్షేమం కాదు."

ఏ చక్రం, ఎంత కొలత, ఎంత ఉండాలి, ఎన్ని గంటలకు. ఈ నాలుగూ ఉండాలి. కోపం, నిష్ఠూరం అందులో పెట్టకండి.

వీడియోను నంబరు ప్లేటు దగ్గర మొదలుపెట్టి, ఆపకుండా క్యాబిన్‌లోకి వెళ్లి గేజి చూపించండి. ముక్కలు ముక్కలుగా తీస్తే "అది వేరే బండి" అంటారు. రిపోర్టు పుస్తకంలో రాసి, ఆ పేజీ ఫోటో తీసుకుని, సూపర్‌వైజర్‌కు మెసేజ్‌గా పంపండి. ఒక కాపీ మీ సొంత ఈమెయిల్‌కు కూడా వెళ్లాలి. కంపెనీ ఇచ్చిన ఫోన్‌లో మాత్రమే ఉంచితే అది మీ చేతిలో లేనట్టే.

సోషల్ మీడియాలో మాత్రం పెట్టకండి. ఆ క్షణానికి ఊరటగా ఉంటుంది, తర్వాత మొత్తం గొడవ లోపం మీది నుంచి మీ పోస్టు మీదికి మళ్లిపోతుంది.

9. "ఈ ఒక్క ట్రిప్పు" అన్నప్పుడు

"నేను నడపను" అనొద్దు. ఆ మాట పట్టుకుని పని ఎగ్గొట్టాడని రాస్తారు. ఇలా చెప్పండి: "సార్, ట్రిప్పుకు రెడీగానే ఉన్నాను. ఈ లీకు సరిచేయించండి, అవగానే బయల్దేరతాను. లేదంటే వేరే బండి ఇవ్వండి, ఇప్పుడే వెళ్తాను." అప్పుడు బండి ఆగింది మీవల్ల కాదు, లోపంవల్ల.

అయినా ఒత్తిడి చేస్తే, మర్యాదగా ఒక్క మాట అడగండి: "ఈ లోపంతోనే వెళ్లమని మెసేజ్ పెట్టండి సార్." చాలా సంభాషణలు ఇక్కడ ఆగిపోతాయి. నోటితో చెప్పడానికి ఉన్న ధైర్యం రాయడానికి ఉండదు. ఒకవేళ నిజంగానే మెసేజ్ పెట్టినా, వెళ్లకండి. ఆ మెసేజ్ మీకు రుజువు అవుతుంది కానీ బండికి బ్రేకు కాదు.

ఉద్యోగం పోతుందన్న టెన్షన్ నిజమైనదే, దాన్ని తేలిక చేసి మాట్లాడను. కానీ ఇది కూడా తెలుసుకోండి. 2015 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో ఏటవాలు రోడ్డు మీద ఒక టిప్పర్ బ్రేకులు పట్టక నలుగురు చనిపోయారు. వాళ్లలో ఒకరు నాలుగేళ్ల పాప. బ్రేకుల మెయింటెనెన్స్ పట్టించుకోనందుకు కంపెనీ యజమానికి, మెకానిక్‌కు జైలు శిక్ష పడింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పందొమ్మిదేళ్ల డ్రైవర్‌ను కోర్టు నిర్దోషి అంది. అయితే ఆ మాట వినడానికి ఆ కుర్రాడు 2016 చివరిదాకా నిందితుడిగా నిలబడాల్సి వచ్చింది.

అమెరికాలో నడిపేవాళ్లకు 1982 నాటి చట్టం ఒకటి ఉంది. క్షేమం కాని బండి నడపనన్నందుకు ఉద్యోగం తీసేస్తే, 180 రోజుల్లోపు ఓషా అనే కార్మిక భద్రతా విభాగానికి ఫిర్యాదు చేయొచ్చు. గడువు దాటితే కష్టం. వేరే దేశంలో ఉంటే అక్కడి రవాణా శాఖలో, కార్మిక శాఖలో ఏ గడువులున్నాయో గొడవ రాకముందే కనుక్కుని పెట్టుకోండి. ఎక్కడైనా సరే, ఫిర్యాదుకు బలం మీరు 8వ మెట్టులో రాసిపెట్టుకున్న కాగితాలే.

10. రిపేరు అయిందన్నాక

"అయిపోయింది, తీసుకెళ్లు" అంటే తీసుకెళ్లకండి. లోపం ఏ పరీక్షలో దొరికిందో అదే పరీక్ష మళ్లీ చేయండి. నిమిషానికి 7 దిగిన చోట ఇప్పుడు ఎంత దిగుతోంది? పక్కనే కొత్త అంకె రాసి, మెకానిక్ సంతకం అడగండి. లీకు ఆగినా ఒకసారి పైపు వెంట టార్చి వేసి చూడండి, కొత్త ఫిట్టింగ్ వేశారో పైపు కట్టేశారో తెలుస్తుంది. టైరు మార్చామంటే నంబరు చూడండి.

అసలు పరీక్ష రోడ్డు మీద ఉంటుంది. బయల్దేరిన గంటలోపు సురక్షితమైన చోట ఆపండి. దానికి ముందు మామూలుగా బ్రేకులు వాడి ఉండాలి. థర్మామీటర్‌తో ప్రతి చక్రం డ్రమ్మునూ, హబ్‌నూ కొలవండి. థర్మామీటర్ లేకపోతే అరచేతిని హబ్ దగ్గరగా, తగలకుండా పెట్టి సెగ చూడండి. ముట్టుకుంటే చేయి కాలుతుంది. ఇక్కడ కచ్చితమైన అంకె కంటే తేడా ముఖ్యం. అన్నీ ఒకేలా వేడిగా ఉండి ఒకటి చల్లగా ఉంటే ఆ బ్రేకు పనిచేయట్లేదు. ఒక్కటే మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే ఆ బ్రేకు వదలకుండా రాసుకుంటోంది, లేదా బేరింగ్ పోతోంది. చల్లటి చక్రం ప్రశాంతంగా కనిపిస్తుంది కాబట్టి చాలామంది దాన్ని వదిలేసి వేడిదాని గురించే చెబుతారు. రెండూ రాయండి.

పొగ గానీ, కాలిన వాసన గానీ వస్తుంటే గ్రీజు మూతలు విప్పడం, నీళ్లు పోయడం లాంటివి చేయకండి. బండికి దూరంగా జరిగి కంపెనీకి ఫోన్ చేయండి.

ఇదంతా చేసినా నెలలో రెండు మూడుసార్లు అదే లోపం తిరిగొస్తుంటే, ఆ కంపెనీ రిపేరు చేయించట్లేదు, మీ నోరు మూయిస్తోంది. అప్పుడు వేరే ఉద్యోగం వెతకడం మొదలుపెట్టండి. చేరబోయే చోట జీతం అడిగే ముందు మూడు విషయాలు అడగండి: లోపం రాస్తే రిపేరుకు ఎవరు సంతకం పెడతారు, దారిలో బండి చెడిపోతే మెకానిక్‌ను పిలిచే అధికారం మీకుంటుందా, చివరి నెల రిపోర్టు పుస్తకం చూపిస్తారా. అమెరికాలో అయితే కంపెనీ డాట్ నంబరుతో (అక్కడి రవాణా శాఖ ఇచ్చేది) ప్రభుత్వ వెబ్‌సైటులో దాని తనిఖీల రికార్డు ఎవరైనా చూడొచ్చు. మన దగ్గర బండి నంబరు కొడితే ఎంపరివాహన్ యాప్‌లో ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు తేదీలు కనిపిస్తాయి. వాళ్ల యార్డులో ఆగి ఉన్న రెండు మూడు బండ్ల నంబర్లు రాసుకుని, ఇంటికొచ్చి తీరిగ్గా చూసుకున్నాకే చేరాలో వద్దో చెప్పండి.